రేటు కోయరు, రోజులు కోస్తారు

జనవరి మొదటి వారంలో మా మావయ్య ఫోన్ చేశాడు. ఆయనది ఆచంట దగ్గర ఊరు. సొంతం ఎకరంన్నర, కౌలుకి మూడెకరాలు. దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులకి మనుషులు దొరకడం లేదు, ఆకుమడి ముదిరిపోతోంది. "మీ రొయ్యల ప్లాంటుకి వెళ్లే ఆడవాళ్లంతా పనుల్లేక ఇళ్లల్లోనే ఉన్నారు కదమ్మా. మా పేటలోనే పాతికమంది ఉంటారు. మనిషికి వంద ఎక్కువిస్తానన్నా ఒక్కరూ కదలట్లేదు. ఏంటమ్మా కథ?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

నాకూ వెంటనే జవాబు తోచలేదు. నేను భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అకౌంట్స్ చూస్తాను. ఆరేళ్లుగా మస్టరు, జీతాల షీటు నా చేతి మీదుగానే వెళ్తున్నాయి. సెప్టెంబరు నుంచి ఆ పాతికమందికీ నెలలో సగం రోజులు కూడా పని పడలేదన్నది నా షీట్లోనే ఉంది. మరి మావయ్య చేలోకి ఎందుకు రారు? ఒకే ఊళ్లో, ఒకే వారంలో "మనుషులు దొరకట్లేదు" అన్న మాటా "పని లేదు" అన్న మాటా రెండూ ఎలా నిజమవుతాయి?

ఆ ప్రశ్న వదల్లేదు నన్ను. పాత షీట్లు తీశాను, మా అమ్మని అడిగాను, చదవగలిగినంత చదివాను. చివరికి నాకు తేలింది ఇది. మన డెల్టాలో పని తగ్గినప్పుడు కూలి రేటు తగ్గదు, రోజులు తగ్గుతాయి. రేటు అందరికీ కనిపిస్తుంది కాబట్టి దాని గురించే వాదులాడుకుంటాం. రోజులు ఎవరివి వాళ్లకే తెలుస్తాయి కాబట్టి వాటి ఊసు ఎవరూ ఎత్తరు. కూలికెళ్లే మనిషి సంపాదన కరిగిపోయేది మాత్రం అక్కడే.

వ్యాన్లు తగ్గించండి చాలు

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్యల మీద అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (సబ్సిడీలకి విరుగుడుగా వేసేది) సుంకాలు దానికి అదనం. మా ప్లాంటు సరుకులో ఎక్కువ భాగం వెళ్లేది అక్కడికే. చెరువుల దగ్గర, కిలోకి ఎన్ని తూగుతాయన్న కౌంట్‌ని బట్టి ధరలు ఎలా జారాయో ఈ చుట్టుపక్కల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

తర్వాతి సోమవారం మేనేజర్ గారు మీటింగ్ పెట్టారు. నేను ముందురోజు రాత్రి కూర్చుని ఒక లెక్క వేసుకెళ్లాను. తల తీసే పనికీ పొట్టు తీసే పనికీ కిలోకి ఇచ్చే రేటులో రూపాయి తగ్గిస్తే నెలకి ఎంత మిగులుతుంది, రెండు తగ్గిస్తే ఎంత మిగులుతుంది అని. అడక్కుండానే ఆ లెక్క వేసినందుకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఆయన ఆ కాగితం చూసి పక్కన పెట్టేశారు. "రేటు జోలికి వెళ్లొద్దమ్మా. తగ్గించామన్న మాట సాయంత్రానికల్లా ఇరవై ఊళ్లకి పాకుతుంది. చేయి తిరిగినవాళ్లే ముందు పక్క ప్లాంటుకి పోతారు. రేపు ఆర్డరొచ్చిన రోజున మన వ్యాను ఖాళీగా తిరిగొస్తుంది. వ్యాన్లు తగ్గించండి చాలు" అన్నారు.

ఊళ్ల నుంచి పనివాళ్లని తెచ్చే వ్యాన్లు ఏడు తిరిగేవి. మూడయ్యాయి. ఒక ఊరి వ్యాను ఒకరోజు వస్తే ఇంకో ఊరిది మర్నాడు.

ఆ రోజు నాకు ఊరటగానే అనిపించింది. ఎవరి రేటూ తగ్గలేదు, ఎవరినీ మానిపించలేదు. అక్టోబరు షీటు వేసేటప్పుడు గానీ తెలిసిరాలేదు. మా వీధి చివర ఉండే ఒక పిన్ని పేరు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. రేటు గడిలో ముందు ఎంతుందో అంతే ఉంది. రోజుల గడిలో జులైలో 25, ఇప్పుడు 11. 28వ తేదీ రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కాబట్టి ఆఖరి రోజులు ఎటూ పోయాయనుకున్నా, మిగిలిన లోటంతా వ్యానుదే.

జీతాల రోజున పిన్ని నా టేబులు దగ్గరికొచ్చింది. మంచునీళ్లలో నానినాని వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. బొటనవేలి పక్కన రొయ్య తల కొమ్ము గుచ్చుకున్న చోట నల్లటి చుక్కలు. స్లిప్పు తీసుకుని ముందుగా రేటు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. "రేటు తియ్యలేదు కదమ్మా, అదే పదివేలు" అని మడతపెట్టి పర్సులో పెట్టుకుంది. కింద ఉన్న మొత్తం వైపు కళ్లు తిప్పనేలేదు. తెలియక కాదు, ఇంటి దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టుకునే వచ్చి ఉంటుంది.

మునుంలో పక్క చోటు

నేను బీకాంలో చదువుకున్నది ఇంకోలా ఉంది. పని కోసం ఎదురుచూసేవాళ్లు పెరిగితే కూలి దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. 1958లో ఏ.డబ్ల్యు. ఫిలిప్స్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ లెక్కలు 1861 నుంచి 1957 దాకా తీసి, నిరుద్యోగం తక్కువున్న ఏళ్లలో జీతాలు వేగంగా పెరిగాయనీ, ఎక్కువున్న ఏళ్లలో ఆ పెరుగుదల నెమ్మదించిందనీ చూపించాడు. ఆ తర్వాత బ్లాంచ్‌ఫ్లవర్, ఓస్వాల్డ్ అనే ఇద్దరు అనేక దేశాల లెక్కలు చూసి, ఒక ప్రాంతంలో నిరుద్యోగం రెట్టింపైతే అక్కడి జీతాలు ఇంచుమించు పదో వంతు తక్కువగా ఉంటాయన్నారు. ఆ లెక్కలు తప్పని నేననడం లేదు. కానీ మా అమ్మ ఊడ్పుల జట్టులో నేను చిన్నప్పుడు చూసింది దానికి సరిపోదు.

ఒక ఏడు కాలవకి నీళ్లు ఆలస్యంగా వదిలారు. ఊడ్పులు వెనకపడ్డాయి, జట్లన్నీ ఖాళీగా కూర్చున్నాయి. అమ్మవాళ్ల జట్టులో ఒకావిడ, ఇంట్లో ఇబ్బంది తట్టుకోలేక, రోజుకి పది రూపాయలు తక్కువకి ఒక రైతు దగ్గరికి వెళ్లింది. వారం తర్వాత నీళ్లొచ్చి పనులు మొదలయ్యాయి. ఆవిడా జట్టులోకి వచ్చింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ తుమ్మచెట్టు కొమ్మకి అందరి క్యారేజీలూ వరసగా వేలాడుతుంటే ఆవిడది మాత్రం గట్టు మీద ఉండిపోయింది. మునుం (వరసగా నిలబడి ఊడ్చే పట్టీ) పట్టేటప్పుడు ఆవిడ పక్కన ఒక మనిషి చోటు వదిలి పట్టారు. నాకు తొమ్మిదేళ్లు, అమ్మకి మంచినీళ్లు అందిస్తూ గట్టు మీద ఉన్నాను. ఎందుకలా వదిలేశారని ఇంటికొచ్చాక అడిగాను. "రేటు చెడగొట్టింది" అంది అమ్మ. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఇన్నేళ్లకి ఈ మాటకి సరిపోయే చదువు దొరికింది. సుప్రీత్ కౌర్ అనే ఆర్థికవేత్త మన దేశంలో జిల్లాలవారీగా కొన్ని దశాబ్దాల వానల లెక్కలూ వ్యవసాయ కూలి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసింది. వాన బాగా పడిన ఏడు కూలి పెరుగుతుంది. మరుసటేడు వాన తప్పినా పెరిగిన కూలి కిందికి దిగదు. పని దొరికే రోజులు తగ్గుతాయి. తర్వాత ఆమె, ఎమిలీ బ్రెజా, నందితా కృష్ణస్వామి కలిసి ఒడిశా పల్లెల్లో ఒక పరీక్ష చేశారు. ఊళ్లో నడుస్తున్న రేటు కన్నా తక్కువకి పని ఇస్తామని కూలీలని అడిగించారు. చుట్టుపక్కలవాళ్లు వింటుండగా అడిగితే దాదాపు అందరూ కాదన్నారు. గుట్టుగా అడిగితే ఒప్పుకున్నవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ. పని అవసరం లేక కాదు, పక్కవాళ్లకి తెలుస్తుందని ఆగారు. అది చదువుతుంటే గట్టు మీది ఆ క్యారేజీ కళ్లముందు కనిపించింది.

అంటే రేటుని కాసేది చట్టమూ కాదు, కార్మిక సంఘమూ కాదు, జట్టు. జట్టు కాయగలిగింది రేటు ఒక్కటే. రోజులు దాని చేతిలో లేవు. రైతు పిలవకపోతే, వ్యాను రాకపోతే జట్టంతా కలిసి కూర్చున్నా చేసేదేమీ ఉండదు. అందుకే యజమానికి కష్టం వచ్చినప్పుడు, గొడవ లేకుండా కోయడానికి దొరికేవి రోజులే. మా మేనేజర్ గారికి ఈ పుస్తకాలేవీ తెలియవు. అయినా సరిగ్గా అదే చేశారు.

దారం ఉండ తెచ్చే మనిషి

ఇక్కడ నా మాటకి నేనే ఒక అడ్డం చెప్పుకోవాలి. రేటు అస్సలు తగ్గదనడానికి లేదు. మా పెద్దమ్మ సంగతే చూడండి. నరసాపురం పక్క పల్లెలో ఆవిడ నలభై ఏళ్లు లేసు అల్లింది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ పని అక్కడి నుంచి విదేశాలకి వెళ్లింది. ఏజెంటు దారం ఉండలు, డిజైను కాగితం తెచ్చి ఇస్తాడు. అల్లాక వచ్చి పట్టుకెళ్తాడు. "ఈసారి ఆర్డర్లు లేవమ్మా, పక్క వీధిలో ఇంతకే అల్లుతున్నారు" అంటాడు. అది నిజమో అబద్ధమో పెద్దమ్మకి తెలిసే దారి లేదు. పక్క వీధి ఆవిడకీ ఇదే మాట చెప్పి ఉంటాడు.

అక్కడ సరుకుకి గిరాకీ తగ్గిన ప్రతిసారీ రేటు తెగింది. పెరిగినప్పుడు అంత త్వరగా పెరగలేదు. ఎందుకంటే అక్కడ జట్టు లేదు. ఎవరి అరుగు మీద వాళ్లు, ఎవరి సూది వాళ్లది. పైగా కూలికి చేలోకి దిగితే పరువు తక్కువన్న ఇళ్లు అవి. వేరే పనికి వెళ్లలేరని ఏజెంటుకి తెలుసు. పెద్దమ్మని ఎవరైనా ఏం పని చేస్తారని అడిగితే "ఏం లేదు, ఇంట్లోనే, ఊరికే కూర్చోలేక లేసు అల్లుకుంటాను" అనేది. రోజుకి ఆరేడు గంటలు అల్లేది.

కాబట్టి నా మాటని కొంచెం సరిదిద్దుకుంటాను. నలుగురూ ఒకచోట చేరి చేసే పనిలో రోజులు తెగుతాయి. ఎవరింట్లో వాళ్లు చేసే పనిలో రేటే తెగుతుంది. రెంటిలోనూ సరుకు మార్కెట్టులో వచ్చిన నష్టం చివరికి చేరేది ఒక చోటికే.

రంగం వెళ్లినవాళ్లు, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు

మా మావయ్య వాదన వేరు, అందులో బలం ఉంది. "రోజులు రోజులు అంటావు. పాతికేళ్ల కింద మనిషికి ఎంతిచ్చాం, ఇప్పుడెంత ఇస్తున్నాం? నాకు ధాన్యం ధర అన్నింతలు పెరిగిందా?" అంటాడు. 2025-26లో మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు. మన లెక్కలో 75 కిలోల బస్తాకి 1,777. అది ఢిల్లీలో తేలే ధర. దానిలోనే కౌలు, ఎరువు, దమ్ము, కోత మిషను అన్నీ తీరాలి. తుఫానుకి పడిపోయిన చేలో టైర్ల మిషను దిగదు, చైను మిషనుకి గంటలు రెట్టింపవుతాయి. ఇవన్నీ ఆయన ఆపగలిగినవి కావు. ఆయన బేరమాడగలిగింది కూలి ఒక్కటే. అందుకే ఆయన కళ్లకి కూలి ఒక్కటే కనిపిస్తుంది. దీన్ని నేను తప్పుపట్టలేను.

రేటు పెరిగిందన్నదీ నిజమే. ఎందుకు పెరిగిందన్న దగ్గరే ఆయనా నేనూ విడిపోతాం. మనుషులు బద్ధకించారు, ఫ్రీగా బియ్యం వస్తున్నాయి, అందుకే రావట్లేదు అని ఊళ్లో చాలామంది అంటారు. నా లెక్కలో, "రాను" అనడానికి వీలు దొరికిన ప్రతిసారీ రేటు ఒక మెట్టు ఎక్కింది, ఎక్కాక దిగలేదు. కోనసీమలో మలికిపురం, రాజోలు వైపు ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లడం మొదలయ్యాక అక్కడ ఊడ్పులకి వెనకటి రేటుకి పిలిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కొబ్బరి దింపు కార్మికుల పిల్లలు ఆ చెట్లు ఎక్కబోమని చదువుల్లోకి వెళ్లిపోయారు, చెట్టుకి ఇంతని అడిగే రేటు పెరిగింది. అంత ఎత్తు నుంచి పడితే నడుం విరుగుతుంది. పిల్లలు వద్దనుకోవడంలో బద్ధకం ఏముంది?

డెల్టాకి ఇది కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యింది 1852లో. నీళ్లొచ్చాక కూడా ఇక్కడి కూలిజనం కాకినాడ రేవులో పడవలెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు. రంగూన్ రేవులో మూటలు మోసింది ఎక్కువగా తెలుగువాళ్లే. మా తాతయ్య మేనమామ ఒకాయన అలా వెళ్లి తిరిగొచ్చిన మనిషి. ఇంట్లో ఇప్పటికీ "రంగం పెట్టె" అని ఒక రేకుపెట్టె ఉంది. 1930 మే నెలలో ఆ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలని దింపాయి. వారాలు గడిచాక తెలుగువాళ్లతో రాజీ కుదిరింది, బర్మావాళ్లని వెళ్లిపొమ్మన్నారు. ఆ రోజు మొదలైన కొట్లాటలో ఎంతోమంది తెలుగువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ధాన్యం ధరలు కూలిపోతున్న ఏడు అది. జట్టు రేటుని కాసుకుంది, గేటు బయట అంతకన్నా ఆకలితో ఉన్న ఇంకో జట్టు నిలబడి ఉంది. ఓడల కంపెనీల మీద పడాల్సిన కోపం ఆ రెండు జట్ల మధ్య పడింది.

ఇప్పుడు మన చేలోకి బెంగాల్ జట్లు వస్తున్నాయి. ఎకరానికి ఇంతని గుత్తకి మాట్లాడుకుని, చేను గట్టు మీదే వండుకుని, మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి తెల్లారకముందే దిగి ఊడ్చేస్తారు. వాళ్ల మీద మా పేటలో కోపం ఉంది. నేనది విన్నాను. వినగానే ఆ రేకుపెట్టె గుర్తొచ్చింది. వాళ్లూ ఎవరింటికో పెట్టె పట్టుకెళ్లడానికే వచ్చారు. వాళ్లొచ్చి మా ఊరి రేటుని కిందికి దించలేదు. కానీ మా పేట జట్టుకి పడే రోజులు మళ్లీ తగ్గాయి.

పిన్ని ఏ లెక్కలో ఉంది

ప్రభుత్వ సర్వే ప్రకారం 2023-24లో దేశంలో 15 ఏళ్లు దాటినవాళ్లలో నిరుద్యోగం 3.2 శాతం, పల్లెల్లో 2.5 శాతం. పల్లెల్లో ఇంత తక్కువ నిరుద్యోగం ఉంటే కూలి ఎందుకు పెరగదు అని టీవీలో ఒకాయన అడుగుతుంటే విన్నాను. పైన చెప్పిన ఫిలిప్స్ లెక్కని పట్టుకుని అడిగితే సబబైన ప్రశ్నే.

పిన్నిని ఆ సర్వేవాళ్లు అడిగితే ఏమని రాసుకుంటారు? ఏడాదిలో ఎక్కువ కాలం ఏదో పనిలో ఉన్నా, అదీ లేకుంటే ముప్పై రోజులు ఏ పనైనా చేసినా, ఉపాధి ఉన్న మనిషి కిందే లెక్క. వారం లెక్కలో అయితే ఏ ఒక్కరోజు ఒక్క గంట పనిచేసినా చాలు. నెలకి 25 రోజులు వెళ్లిన జులైలోనూ, 11 రోజులు వెళ్లిన అక్టోబరులోనూ పిన్నికి ఉపాధి ఉన్నట్టే. లేసు అల్లిన మా పెద్దమ్మ అయితే "ఏం లేదు, ఇంట్లోనే" అన్న తన మాట వల్ల అసలు లెక్కలోకే రాకపోవచ్చు. కొలతకి పద్ధతి కావాలి కాబట్టి అలా పెట్టుకున్నారు, అర్థం చేసుకోగలను. కానీ ఆ 2.5 శాతం పట్టుకుని పల్లెల్లో పని నిండుగా ఉందనుకుంటే, నా షీటులో రోజుల గడిని చేత్తో మూసి రేటు గడి ఒక్కటే చదివినట్టు ఉంటుంది.

మన చట్టాలూ అంతే. 1948 కనీస వేతనాల చట్టం నుంచి 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ దాకా రోజుకి ఎంత, గంటకి ఎంత, ముక్కకి ఎంత అన్నవే. ఎన్ని రోజులు అన్న మాట పలికిన చట్టం పల్లె కూలీకి ఒక్కటే వచ్చింది, 2005 నాటి ఉపాధి హామీ. ఇంటికి 100 రోజులంది. అందుకే దాని మీద అంత గొడవ జరిగిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించినప్పుడు మావయ్య అటు మీటింగులకి వెళ్లొచ్చాడు. మద్దతు ధర చాలదు, నష్టపరిహారం రాదు, దాంతోపాటు ఉపాధి పని వల్ల కూలీలు రావట్లేదు. మూడూ ఒకే ఊపిరిలో చెప్పేవారు. కారణాలు చూడమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ఇంచుమించు అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఉపాధి చెల్లింపులు సవ్యంగా అందిన మండలాలనీ, ఇంకా ఆ మార్పు రాని మండలాలనీ పోల్చారు. సవ్యంగా అందిన చోట పేద ఇళ్ల ఆదాయం పెరిగింది. పెరిగినదానిలో చాలా భాగం ఉపాధి పని డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చిన కూలే. బయటి పనులూ తగ్గలేదు. ఉపాధి కింద కాలవ పూడిక తీసే పని ఉందన్న ధీమాతో మనిషి బేరమాడగలిగింది.

అయితే మావయ్య పక్షాన ఇంకో పరిశోధన ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఒడిశాలోనే బ్రెజా, కౌర్, యోగితా శ్యామ్‌దాసానీ కొన్ని ఊళ్లలో కూలి మగవాళ్లలో నాలుగో వంతు దాకా ఒక నెలపాటు బయటి పనికి తీసుకెళ్లారు. పనుల్లేని నెలల్లో అలా చేస్తే ఊళ్లో కూలి రేటు కదల్లేదు. ఖాళీ అయిన చోట్లలోకి ఖాళీగా ఉన్నవాళ్లే వెళ్లారు. అంతమంది పని లేకుండా ఉన్నారన్నమాట. పనుల కాలంలో చేస్తే మాత్రం రేటు వెంటనే ఎక్కింది, పనులు తగ్గాయి. ఊడ్పుల పదిహేను రోజుల్లో ఉపాధి పని పెట్టొద్దన్న రైతు మాటకి ఇది ఆధారమే. 2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో పార్లమెంటు తెచ్చిన కొత్త చట్టం 125 రోజులంటూనే, సాగు పనులు ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపొచ్చంటోంది. పదిహేను రోజులు ఆపితే నేను ఒప్పుకుంటాను. కానీ డెల్టాలో ఇప్పుడు కోతలు మిషన్లవి, ఊడ్పులు చాలాచోట్ల బెంగాల్ జట్లవి, మిగిలినచోట విత్తనాలే వెదజల్లుతున్నారు. పేటలో మనిషికి 60 రోజులు సాగు పని ఎక్కడుంది? ఆపే రోజులు రైతు అవసరాన్ని బట్టి లెక్కపెడితే, ఆ రోజుల్లో కూలీకి పనుందో లేదో లెక్కపెట్టేదెవరు?

రాత్రి తొమ్మిది దాకా

ఇంకో సందేహం నన్ను చాలా రోజులు సతాయించింది. రోజులు పంచడం అంత చెడ్డదా? నాలుగు వ్యాన్ల వాళ్లని పూర్తిగా మానిపించి మూడు వ్యాన్లవాళ్లకి నిండుగా పనిచ్చే బదులు, అందరికీ తలా కాస్త ఇవ్వడం మంచిదే కదా. మేనేజర్ గారు ఆ మాటే అన్నారు, నేనూ కొంతవరకు నమ్ముతాను. పేరు కొట్టేసి తీసేయడం కన్నా ఇది నయం.

అయితే దానిలో ఒక కిటుకుంది. అది నాకు ప్లాంటులో కూర్చుంటే తెలియలేదు, మావయ్యతో కలిసి పిన్ని ఇంటికి వెళ్తే తెలిసింది. ఆయన ఫోన్ చేసిన ఆ శనివారం సాయంత్రం వెళ్లాం. పిన్ని గుమ్మంలో కూర్చుని ఉంది, ఒళ్లో ఫోను.

"ఎల్లుండి ఊడ్పు పెట్టుకుందామనుకుంటున్నా. పదిమందిని కట్టుకురామ్మా" అన్నాడు మావయ్య.

"రావడానికేం ఇబ్బంది లేదండి. ఎల్లుండి వ్యానొస్తాదో రాదో రేపు రాత్రి తొమ్మిదైతే గానీ తెలీదు. మీకు వస్తానని చెప్పి వ్యానెక్కితే మాట పోద్ది. వ్యానెక్కకపోతే చోటు పోద్ది. రెండుసార్లు పిలిచినప్పుడు లేకపోతే మేస్త్రీ పేరు తీసేసి ఇంకోళ్లని రాసుకుంటాడండి."

పనిలేని ఆ 20 రోజులూ పిన్నివి కావు. అవి ప్లాంటు దగ్గర తాకట్టులో ఉన్నాయి. జీతం ఇవ్వకుండానే ఆ రోజులు మా ప్లాంటు పట్టుకుని కూర్చుంది, అది నా షీట్లో ఏ గడిలోనూ లేదు. మావయ్య వంద ఎక్కువిస్తానన్నా కదలకపోవడానికి కారణం ఇది. ఆయనిచ్చేది రెండు రోజుల పని. దానికోసం ఏడాది పొడుగునా రాగల వ్యానులో చోటు వదులుకుంటారా?

సోమవారం మేనేజర్ గారి దగ్గరికి వెళ్లి, ఏ ఊరి వ్యాను ఏ రోజో వారం ముందే రాసిపెడదామండీ అని అడిగాను. డబ్బు ఖర్చు లేని పని. ఆయన చాలాసేపు ఆలోచించారు. "చెరువుల్లో రొయ్యలు ఎప్పుడు పడతారో, కంటైనరు ఎప్పుడు బుక్కవుద్దో నాకే రెండ్రోజుల ముందు తెలుస్తోందమ్మా. రెండ్రోజుల ముందైతే చెప్పగలను, చూద్దాం" అన్నారు. మాట తీసిపారేయలేదు. ఇప్పటికి రెండు వారాలు రెండ్రోజుల ముందు చెప్పగలిగాం. మూడో వారం కుదరలేదు. మళ్లీ అడుగుతాను, అడుగుతూనే ఉంటాను. తక్కువ పని ఉన్నప్పుడు తక్కువ రోజులే ఇవ్వండి, కానీ మిగిలిన రోజులు వాళ్లవని వాళ్లకి ముందే చెప్పండి. నేను అడిగేది ఇంతే.

ఆ శనివారం పిన్ని కూడా మావయ్యని ఇదే అడిగింది. "మూడ్రోజుల ముందు చెప్పండి, మూడు రోజులు ఖాయంగా పనుంటాదని చెప్పండి. మేస్త్రీకి ముందే చెప్పుకుని జట్టు కట్టుకొస్తాం."

"మూడ్రోజుల ముందు నేనేం చెప్పనమ్మా? మాది శివారు. కాలవలో నీళ్లు ఎప్పుడు ఎక్కితే అప్పుడు దమ్ము. దమ్ము చేసిన మర్నాడు ఊడ్పు. అవెప్పుడు ఎక్కుతాయో లాకుల దగ్గరున్నవాళ్లకి తెలియాలి" అన్నాడు మావయ్య.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తొమ్మిదింబావుకి పిన్ని ఫోను మోగింది. మేస్త్రీ. రెండు ముక్కలు విని పెట్టేసింది. "రేపు లేదంటండి" అంది. మావయ్య తన ఫోను తీసి కొడుక్కి చేశాడు, టార్చి పట్టుకుని తూము దగ్గరికెళ్లి నీళ్లు ఎంతవరకొచ్చాయో చూసి చెప్పమన్నాడు. పిన్ని లేచి లోపలికెళ్లి మాకు టీ పెట్టింది. వాడి ఫోను కోసం ముగ్గురం ఆ గుమ్మంలోనే కూర్చున్నాం.